అడిగేదెవరు, ఇవ్వదగినదేది: వర్డ్‌ప్రెస్‌లో సొంత ఎండ్‌పాయింట్ల నిర్మాణం

పత్రికలు, కళాశాలలు, గ్రంథాలయాలు, ప్రభుత్వ శాఖలు తమ వెబ్‌సైట్లలో కనిపించే రచనలను, బొమ్మలను, ప్రకటనలను రాయడానికి, దిద్దడానికి, భద్రపరచడానికి, ప్రచురించడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. వీటిలో ప్రపంచమంతటా అత్యధికంగా వాడుకలో ఉన్నది 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు ప్రారంభించిన వర్డ్‌ప్రెస్. తెలుగులో వెలువడే వెబ్ పత్రికలు కూడా అనేకం దీని మీదే నడుస్తున్నాయి. చాలాకాలం పాటు ఈ వ్యవస్థ పని ఒకే తీరున సాగింది. పాఠకుడి బ్రౌజరు ఒక పేజీ కోరితే, వ్యవస్థ డేటాబేసు నుంచి రచనను తీసి, థీమ్ అనే రూపకల్పనలో కూర్చి, పూర్తి పేజీగా పంపేది. చేతి ఫోన్లలో యాప్‌లు వచ్చాక ఈ తీరు చాలలేదు. యాప్‌కు కావలసింది పేజీ కాదు. శీర్షిక, రచయిత పేరు, కథాపాఠం, బొమ్మ ఉన్న చోటు వంటివి విడివిడిగా, ఏది ఏమిటో యంత్రం గుర్తుపట్టగల క్రమంలో దానికి అందాలి.

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును సమాచారం అడగడానికి, అడిగినదానికి జవాబు పొందడానికి ముందుగా ఏర్పరచుకున్న పద్ధతికి ఏపీఐ అని పేరు. ఆ పద్ధతిలో ఒక నిర్ణీత చిరునామాకు, ఒక నిర్ణీత రీతిలో వచ్చే అభ్యర్థనకు జవాబివ్వడానికి సర్వర్‌లో సిద్ధంగా ఉంచిన ఏర్పాటును ఎండ్‌పాయింట్ అంటారు. చిరునామాకు రూట్ అని పేరు. ఒకే రూట్ దగ్గర, చదవడం కోసం వచ్చే గెట్ అభ్యర్థనకు ఒక ఎండ్‌పాయింట్, కొత్తది చేర్చడం కోసం వచ్చే పోస్ట్ అభ్యర్థనకు మరొకటి, తొలగించడం కోసం వచ్చే డిలీట్ అభ్యర్థనకు ఇంకొకటి ఉండవచ్చు. ఈ పని చేసేవారు సైతం రూట్‌ను, ఎండ్‌పాయింట్‌ను తరచుగా ఒకటిగానే వ్యవహరిస్తారు గాని, అనుమతుల సంగతి వచ్చేసరికి వీటి మధ్య తేడా ముఖ్యమవుతుంది. ఎందుకంటే చదవడానికి అందరికీ తెరిచి ఉన్న చిరునామాయే రాయడానికి కొందరికి మాత్రమే తెరిచి ఉండవలసి వస్తుంది.

వర్డ్‌ప్రెస్‌కు తొలి రోజుల నుంచీ బయటి ప్రోగ్రాములతో మాట్లాడే దారి ఒకటి ఉండేది. అది 1998లో రూపుదిద్దుకున్న ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే పద్ధతి. 2000లో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, వెబ్ నడిచే నియమాలనే ఆధారం చేసుకుని ప్రోగ్రాముల మధ్య సంభాషణ ఎలా సాగాలో వివరిస్తూ, ఆ నిర్మాణ శైలికి రెస్ట్ అని పేరు పెట్టాడు. జేసన్ అనే తేలికపాటి సమాచార రూపం కూడా తోడై, తరువాతి దశాబ్దంలో ఈ శైలి అంతటా వ్యాపించింది. వర్డ్‌ప్రెస్ దీనికి కావలసిన పునాదిని 2015 డిసెంబరులో వచ్చిన 4.4 వెర్షన్‌లోను, టపాలు, పేజీలు, వ్యాఖ్యలు, వాడుకరుల సమాచారం అందించే ఎండ్‌పాయింట్లను 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్‌లోను చేర్చింది. ఆనాటి నుంచి చాలా వర్డ్‌ప్రెస్ సైట్ల చిరునామా చివర డబ్ల్యూపీ-జేసన్ అని తగిలిస్తే, ఆ సైటులో మామూలుగా నమోదు చేసిన రూట్ల జాబితా కనిపిస్తుంది.

ఒక తెలుగు సాహిత్య మాసపత్రిక తన పాత సంచికల్లోని కథలను వర్డ్‌ప్రెస్‌లో భద్రపరచి, ఏ ఏడాది ఏయే కథలు వచ్చాయో తన యాప్‌లో చూపదలచిన సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఎండ్‌పాయింట్ ఎలా రాయాలన్నది కాదు, అసలు రాయవలసిన అవసరం ఉందా అన్నది. కథ అనే కొత్త రచనా రకాన్ని నమోదు చేసేటప్పుడు, దాన్ని రెస్ట్‌లో చూపించమని ఒక్క మాట చెబితే చాలు, ఆ రకానికి కావలసిన రూట్లను వర్డ్‌ప్రెస్ తానే సిద్ధం చేస్తుంది. జవాబులో అక్కరలేని అంశాలు ఎక్కువగా వస్తున్నాయనిపిస్తే, కావలసినవాటి పేర్లు మాత్రమే అభ్యర్థనలో చెప్పి మిగిలినవాటిని ఆపవచ్చు. ఒకటి రెండు అంశాలు తక్కువైతే, ఉన్న జవాబుకే కొత్త అంశాన్ని జోడించే ఫంక్షన్ వేరే ఉంది. ఇవేవీ సరిపోనప్పుడే సొంత ఎండ్‌పాయింట్ రాయడం సమంజసం. ఒకే తెర కోసం యాప్ నాలుగైదు అభ్యర్థనలు పంపవలసి వస్తున్నప్పుడు, అనేక పట్టికల నుంచి లెక్కగట్టి ఇవ్వవలసిన సారాంశం అవసరమైనప్పుడు, లేదా వర్డ్‌ప్రెస్ రచనల చట్రంలో ఇమడని పనిని స్వీకరించవలసి వచ్చినప్పుడు దాని అవసరం నిజంగా కలుగుతుంది. రాసిన ప్రతి ఎండ్‌పాయింట్‌నూ ఆ సైటు ఉన్నంతకాలం కాపాడుకోవలసి ఉంటుంది కనుక, రాయకుండా గడిచిపోయేదాన్ని రాయకపోవడమే మంచి పనితనం.

పై పత్రిక విషయంలో సొంత ఎండ్‌పాయింట్ అవసరమే అయిందనుకుంటే, ఏడాదిని ఎక్కడ దాచాలన్న నిర్ణయం కోడ్ రాయడానికి ముందే జరగాలి. 1955లో అచ్చయిన కథను ఇప్పుడు వెబ్‌సైటులో చేరిస్తే, వ్యవస్థ దాని మీద వేసే తేదీ ఇప్పటిది. అచ్చయిన సంవత్సరాన్ని విడిగా భద్రపరచాలి. చాలామంది దాన్ని మెటా అనే అదనపు సమాచార పట్టికలో పెడతారు. ఆ పట్టికలో విలువలు ఉండే గడికి ఇండెక్సు ఉండదు. అంటే ఫలానా సంవత్సరపు కథలు కావాలని అడిగిన ప్రతిసారీ డేటాబేసు ఎన్నో వరుసలను ఒక్కొక్కటిగా తిరగేయవలసి వస్తుంది. సంవత్సరాన్ని టాక్సానమీగా, అంటే రచనలను వర్గాలుగా విడదీసే ఏర్పాటుగా పెడితే ఈ ఇబ్బంది ఉండదు. కథలు వందల్లో ఉన్నంతవరకు ఈ తేడా ఎవరికీ కనబడదు. అవి వేలు దాటాక మాత్రం సైటు మందగించడం మొదలై, కారణం తెలియక నిర్వాహకులు సర్వర్‌ను నిందిస్తారు.

ఎండ్‌పాయింట్‌ను నమోదు చేసే పని చూడడానికి చిన్నదే. వర్డ్‌ప్రెస్ తన రెస్ట్ విభాగాన్ని సిద్ధం చేసుకునే క్షణంలో రెస్ట్ ఏపీఐ ఇనిట్ అనే సంకేతం వెలువడుతుంది. ఆ సంకేతానికి తగిలించిన ఫంక్షన్‌లో రిజిస్టర్ రెస్ట్ రూట్ అనే ఫంక్షన్‌ను పిలవాలి. దానికి మూడు సంగతులు చెప్పాలి. మొదటిది నేమ్‌స్పేస్, అంటే ఇతరుల రూట్లతో పేరు కలిసిపోకుండా పెట్టుకునే ఇంటిపేరు, దాని వెంట వెర్షన్ సంఖ్య. రెండవది రూట్ నమూనా. మూడవది వివరాల పట్టిక: ఏ రీతి అభ్యర్థనను స్వీకరించాలి, జవాబు తయారుచేసే ఫంక్షన్ ఏది, అనుమతిని నిర్ణయించే ఫంక్షన్ ఏది, అభ్యర్థనలో రాదగిన పరామితులు ఏవి, అవి ఏ హద్దుల్లో ఉండాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. ఈ కోడ్‌ను థీమ్‌లో గాక, వర్డ్‌ప్రెస్‌కు విడిగా తగిలించే ప్లగిన్‌లో పెట్టడం అవసరం. థీమ్‌లో పెడితే, ఎప్పుడో సైటు రూపం మార్చదలచి కొత్త థీమ్‌ను ఎంచుకున్న రోజున యాప్ మొత్తం మూగబోతుంది.

రూట్ నమూనాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే సంకేత భాషలో రాస్తారు. చిరునామాలో కథలు అన్న మాట తరువాత నాలుగు అంకెలు వస్తే వాటిని సంవత్సరం అన్న పేరుతో పట్టుకోమని అందులో చెప్పవచ్చు. ఇక్కడ అంకె అంటే సున్నా నుంచి తొమ్మిది వరకు ఉన్న అంతర్జాతీయ అంకెలే. ఎవరైనా ౧౯౫౫ అని తెలుగు అంకెలతో చిరునామా పంపితే, వర్డ్‌ప్రెస్ వాటిని అంకెలుగా గుర్తించక, అలాంటి రూట్ లేదని 404 సంకేతంతో తిప్పి పంపుతుంది. తెలుగు అంకెలను కూడా ఆదరించదలచినవారు సంవత్సరాన్ని చిరునామాలో ఇరికించకుండా, ప్రశ్నార్థకం తరువాత వచ్చే పరామితిగా స్వీకరించి, శుద్ధి చేసే దశలో అంకెలను మార్చుకోవడం సులువు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వర్డ్‌ప్రెస్ ముందుగా పరామితిని ధ్రువీకరించి, ఆ తరువాతే శుద్ధి చేస్తుంది. అందుచేత ధ్రువీకరించే ఫంక్షన్ రెండు రకాల అంకెలనూ ఒప్పుకునేలా ఉండాలి.

జవాబు తయారుచేసే ఫంక్షన్‌లో అనుభవం లేనివారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. కథ సంఖ్యను తీసుకుని, గెట్ పోస్ట్ అనే ఫంక్షన్‌తో ఆ కథను తెప్పించి, దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తారు. ఆ ఫంక్షన్‌కు ప్రచురించిన రచనకూ, ఇంకా దిద్దుబాటులో ఉన్న చిత్తుప్రతికీ, సంపాదకులకు మాత్రమే కనిపించవలసిన రచనకూ తేడా తెలియదు. సంఖ్య ఇస్తే తెచ్చి ఇవ్వడమే దాని పని. దాంతో ఎవరైనా సంఖ్యలను ఒకటి నుంచి వరుసగా మార్చుకుంటూ పోతే, వచ్చే నెల సంచికలో రావలసిన కథలు, తిరస్కరించిన కథలు, రచయిత అనుమతి ఇంకా రాని కథలు అన్నీ వారి చేతికి చిక్కుతాయి. పాస్‌వర్డు పెట్టి కాపాడిన రచనల సంగతి ఇంకా సూక్ష్మమైనది: వర్డ్‌ప్రెస్ లెక్కలో అవి ప్రచురించినవే, కాబట్టి ప్రచురించినవి మాత్రమే తెమ్మని చెప్పినా అవి వచ్చి చేరతాయి. వర్డ్‌ప్రెస్ తన సొంత ఎండ్‌పాయింట్లలో ఇలాంటి రచనల పాఠాన్ని ఖాళీగా పంపుతుంది. సొంత ఎండ్‌పాయింట్ రాసేవారు ఆ జాగ్రత్త తామే తీసుకోవాలి. ఒక్కసారికి ఎన్ని కథలు ఇవ్వాలన్న హద్దు కూడా వారే పెట్టాలి. వర్డ్‌ప్రెస్ సొంత రూట్లు మామూలుగా 10, అడిగితే గరిష్ఠంగా 100 రచనలే ఇస్తాయి. ఆ హద్దు లేని ఎండ్‌పాయింట్ ఒక్క అభ్యర్థనతో సర్వర్ మెమరీ అంతటినీ మింగేయగలదు.

అనుమతిని నిర్ణయించే ఫంక్షన్‌ను పర్మిషన్ కాల్‌బ్యాక్ అంటారు. సొంత ఎండ్‌పాయింట్ల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన ఖర్చు పెట్టవలసింది ఇక్కడే. మొదట్లో దీన్ని ఇవ్వకపోయినా వర్డ్‌ప్రెస్ ఏమీ అనేది కాదు. అలా వదిలేసిన ఎండ్‌పాయింట్ లోకమంతటికీ తెరుచుకుని ఉండేది. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి, అది లేకుండా నమోదు చేస్తే హెచ్చరిక వస్తుంది. అయినా ఎండ్‌పాయింట్ పనిచేస్తూనే ఉంటుంది. అందరికీ తెరిచి ఉంచదలచినప్పుడు, ఎప్పుడూ ఔననే ఒక సిద్ధ ఫంక్షన్ పేరును అక్కడ స్పష్టంగా రాయాలన్నది ఆనాటి నుంచి నియమం. మరచిపోయి తెరిచి ఉంచడానికీ తెలిసి తెరిచి ఉంచడానికీ మధ్య ఉన్న తేడా కోడ్ చదివేవారికి దీనివల్ల కనబడుతుంది కాబట్టి, ఈ నియమం ఎంతో మేలైనది. కొందరు చిరునామా ఎవరికీ తెలియదన్న ధైర్యంతో అనుమతి సంగతి వదిలేస్తారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. ముందు చెప్పినట్టు, మామూలుగా నమోదు చేసిన రూట్లన్నీ సైటు తానే ప్రకటించే జాబితాలో ఉంటాయి.

అనుమతిని తనిఖీ చేసేటప్పుడు ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో తెలుసుకోవడానికి వర్డ్‌ప్రెస్ చరిత్రలోనే ఒక ఉదంతం ఉంది. రెస్ట్ ఎండ్‌పాయింట్లు ప్రధాన వ్యవస్థలో చేరిన కొద్ది వారాలకే, సుకూరి అనే భద్రతా సంస్థ పరిశోధకులు 4.7, 4.7.1 వెర్షన్లలో ఒక లోపాన్ని గుర్తించారు. రచనను దిద్దే రూట్ నమూనా, రచన సంఖ్యగా అంకెలను తప్ప మరి దేన్నీ ఒప్పుకునేది కాదు. అయితే అదే పేరుతో చిరునామా చివర ప్రశ్నార్థకం తరువాత మరొక విలువ పంపితే, వ్యవస్థ రూట్‌లోని విలువను పక్కనబెట్టి దీన్నే స్వీకరించేది. అలా రచన సంఖ్య 123 అనడానికి బదులు 123ఏబీసీ అని పంపారనుకుందాం. అనుమతి తనిఖీ చేసే ఫంక్షన్ ఆ విలువతో రచన కోసం వెదికేది. అది శుద్ధమైన సంఖ్య కాదు కనుక రచన దొరికేది కాదు. రచన ఉండి, దాన్ని దిద్దే హక్కు అడిగినవారికి లేకపోతే ఆపమని మాత్రమే అక్కడ రాసి ఉంది. రచనే లేనప్పుడు ఆ షరతు వర్తించక, తనిఖీ సరేనని తేల్చి ముందుకు పంపేది. ఆ తరువాత దిద్దే ఫంక్షన్ అదే విలువను పూర్ణ సంఖ్యగా మార్చుకునేది. అక్షరాలు రాలిపోయి 123 మిగిలేది. దాంతో లాగిన్ కూడా కాని మనిషి 123వ రచనను తనకు తోచినట్టు మార్చగలిగేవాడు.

ఈ లోపాన్ని 2017 జనవరి 26న వచ్చిన 4.7.2 వెర్షన్‌లో సరిదిద్దారు. సైట్లు కొత్త వెర్షన్‌కు మారే వ్యవధి ఇవ్వడం కోసం, లోపం వివరాలను వెంటనే చెప్పక ఫిబ్రవరి 1న వెల్లడించారు. అప్పటికీ మారని సైట్లలో లక్షల కొద్దీ పేజీలు చెరిగిపోయాయి. ఇందులో విడివిడిగా చూస్తే తనిఖీ చేసిన ఫంక్షన్ తన మటుకు తాను సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, దిద్దిన ఫంక్షనూ అంతే. రెండూ ఒకే విలువను రెండు రకాలుగా అర్థం చేసుకోవడంలోనే ప్రమాదం దాగి ఉంది. సొంత ఎండ్‌పాయింట్ రాసేవారికి దీని నుంచి దక్కే పాఠం స్పష్టమైనది. విలువను శుద్ధి చేయడం, సంఖ్యగా మార్చడం ఒక్కచోటనే, పరామితుల పట్టికలోనే జరగాలి. అనుమతి ఫంక్షనూ జవాబు ఫంక్షనూ ఆ శుద్ధి అయిన విలువనే వాడాలి. రచన దొరకనప్పుడు తనిఖీ ఔనని కాక కాదని చెప్పాలి. అనుమతి ఇవ్వడానికి కారణం దొరికితేనే ఇవ్వడం ఒక పద్ధతి, నిరాకరించడానికి కారణం దొరికితేనే నిరాకరించడం మరొక పద్ధతి. మొదటిదాన్నే ఆశ్రయించడం క్షేమం.

హక్కును అడిగే మాటలోనూ తేడా ఉంది. రచనలు దిద్దే హక్కు ఉందా అని బహువచనంలో అడిగితే, తన రచనలు తాను రాసుకునే కంట్రిబ్యూటర్‌కు కూడా వర్డ్‌ప్రెస్ ఔనంటుంది. ఫలానా సంఖ్య గల రచనను దిద్దే హక్కు ఉందా అని ఏకవచనంలో అడిగితేనే, ఆ రచన ఎవరిది, ఏ స్థితిలో ఉంది అన్నవి లెక్కలోకి వస్తాయి. లాగిన్ అయినవారు ఎవరో తెలుసుకోవడం కూడా కుకీతో పూర్తి కాదు. బ్రౌజరులో లాగిన్ అయి ఉన్నా, అభ్యర్థనతో పాటు నాన్స్ అనే తాత్కాలిక గుర్తును పంపకపోతే, వర్డ్‌ప్రెస్ ఆ మనిషిని అపరిచితుడిగానే చూస్తుంది. మరో సైటు ఏదో మోసపూరితంగా ఆ మనిషి పేరు మీద అభ్యర్థన పంపకుండా ఇది కాపాడుతుంది. బయటి యాప్‌ల కోసం 2020 డిసెంబరులో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అప్లికేషన్ పాస్‌వర్డులు అందుబాటులోకి వచ్చాయి. ఒక్కో యాప్‌కు ఒక్కో పాస్‌వర్డు ఇచ్చి, ఏదైనా పోయినప్పుడు దాన్ని మాత్రమే రద్దు చేయవచ్చు.

కథలు చదవడానికి ఇచ్చే ఎండ్‌పాయింట్ కన్నా, పాఠకుల నుంచి అచ్చుతప్పులను స్వీకరించే ఎండ్‌పాయింట్ కష్టమైనది. పాత సంచికలను టైపు చేయించినప్పుడు ఒత్తులు, దీర్ఘాలు తారుమారు కావడం సహజం. పాఠకులు వాటిని పట్టి పంపగలిగితే ఆ భాండాగారం నానాటికీ మెరుగవుతుంది. అయితే వచ్చిన దిద్దుబాటును నేరుగా కథలో చేర్చకూడదు. దాన్ని వేరే రచనా రకంగా, సంపాదకుల ఆమోదం కోసం ఎదురుచూసే స్థితిలో భద్రపరచాలి. పాఠం ఎంత పొడవు ఉండవచ్చో హద్దు పెట్టాలి. అందులో హెచ్‌టీఎంఎల్ గుర్తులు ఉంటే తొలగించాలి. ఒకే చోటు నుంచి అదేపనిగా వచ్చే అభ్యర్థనలను ఆపే సదుపాయం వర్డ్‌ప్రెస్ ప్రధాన వ్యవస్థలో లేదు గనుక, దాన్ని సర్వర్ స్థాయిలోనో ప్లగిన్‌లోనో ఏర్పాటు చేసుకోవాలి.

తెలుగు రచనలతో పనిచేసేవారికి ఆంగ్ల పుస్తకాల్లో దొరకని చిక్కులు కొన్ని ఉన్నాయి. యూనికోడ్‌లో తెలుగు వర్ణం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 రూపంలో మూడు బైట్లు ఆక్రమిస్తుంది. చిరునామాలో దాన్ని పంపేటప్పుడు బైటుకు మూడు గుర్తుల చొప్పున తొమ్మిది గుర్తులవుతుంది. ఇక్కడ వర్ణం అంటే కంటికి కనిపించే అక్షరం కాదు; హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న ప్రతిదీ విడిగా లెక్కకు వస్తుంది. రచన శీర్షిక నుంచి వర్డ్‌ప్రెస్ తయారుచేసే స్లగ్ అనే చిరునామా భాగానికి డేటాబేసులో ఉన్న చోటు 200 గుర్తులు. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయోద్యమ చరిత్ర అన్న శీర్షికను తీసుకుంటే, ఆంధ్రప్రదేశ్ అన్న మాటలో 12 వర్ణాలు ఉన్నాయి, అంటే 108 గుర్తులు. మధ్యలో అడ్డగీతకు ఒకటి పోగా మిగిలిన 91 గుర్తులలో పది వర్ణాలే పడతాయి. అందుచేత స్లగ్ ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయోద అన్న చోట తెగిపోతుంది. ద్య అన్న సంయుక్తాక్షరం మధ్యలో విరిగి, చరిత్ర అన్న మాట పూర్తిగా రాలిపోతుంది. అదే మాటలతో మొదలయ్యే శీర్షికలతో వరుసగా వ్యాసాలు వెలువడితే, వాటి మధ్య తేడా చెప్పే చివరి మాటలన్నీ పోయి, స్లగ్‌లు ఒకే చోట తెగి, చివర 2, 3 అన్న అంకెలు మాత్రం మిగులుతాయి. కాబట్టి తెలుగు సైటుకు రాసే సొంత ఎండ్‌పాయింట్‌లో రచనను స్లగ్‌తో గాక సంఖ్యతో గుర్తించడం మేలు.

జవాబులోనూ ఇలాంటి సంగతే ఉంది. పీహెచ్‌పీ భాష జేసన్‌ను తయారుచేసేటప్పుడు తెలుగు వర్ణాలను మామూలుగా ఉన్నవి ఉన్నట్టు పంపదు. ప్రతి వర్ణాన్నీ వెనుకవాలు గీత, యు అన్న అక్షరం, నాలుగు స్థానాల కోడు కలిసిన ఆరు గుర్తులుగా మారుస్తుంది. తెలుగు అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లయితే ఈ రూపంలో 36 అవుతుంది. యాప్ దాన్ని మళ్లీ తెలుగుగానే చదువుకుంటుంది కాబట్టి అర్థానికి లోటు లేదు. కథ పాఠం పరిమాణం మాత్రం రెట్టింపవుతుంది. సర్వర్‌లో కుదింపు ఉంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది; ఆ మార్పే జరగకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంది. ఇంతకన్నా కనిపెట్టడం కష్టమైనది ఐత్వం సంగతి. యూనికోడ్‌లో ఐత్వపు గుర్తుకు సొంత స్థానం ఉంది. ఎత్వపు గుర్తు పక్కన ఐత్వపు కింది భాగాన్ని చేర్చి రాసినా అదే అక్షరం ఏర్పడుతుంది. చూపుకు రెండూ ఒకటే, బైట్లలో వేరు. శైలజ అన్న పేరుతో యాప్ వెదికినప్పుడు, డేటాబేసులో ఆ పేరు రెండో రూపంలో ఉంటే, కోడ్ బైట్లను పోల్చి రచయిత్రి లేదని చెబుతుంది. వచ్చిన పరామితినీ భద్రపరిచే పేరునూ రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చిన తరువాతే పోల్చడం దీనికి విరుగుడు. పీహెచ్‌పీలో ఇందుకు నార్మలైజర్ అనే సిద్ధ సాధనం ఉంది.

జవాబుతో పాటు పంపే స్థితి సంకేతాలను కొందరు లెక్కచేయరు. అన్నిటికీ 200 అని పంపి, లోపం ఏమిటో లోపల ఒక మాటగా రాస్తారు. యాప్ రాసేవారికి ఇది పెద్ద తలనొప్పి. ఒక సంవత్సరంలో కథలేవీ లేకపోతే అది లోపం కాదు. 200 సంకేతంతో ఖాళీ జాబితా పంపాలి. అడిగిన సంఖ్య గల కథ లేకపోతే 404, పరామితి తప్పుగా ఉంటే 400, లాగిన్ కాకపోతే 401, లాగిన్ అయినా హక్కు లేకపోతే 403 పంపాలి. విలువల రకాల విషయంలో పీహెచ్‌పీ ఇచ్చే స్వేచ్ఛ యాప్‌లకు చేటు చేస్తుంది. మెటా పట్టిక నుంచి వచ్చే 1955 సంఖ్యగా గాక అక్షరాల వరుసగా వస్తుంది; పేర్లు, విలువలు జతలుగా ఉండవలసిన పట్టిక ఖాళీగా ఉంటే, జేసన్‌లో అది ఖాళీ జాబితాగా మారుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రకాల విషయంలో పట్టుదలగా ఉంటాయి కనుక, రచయిత వివరాలు ఖాళీగా ఉన్న ఒక్క కథ వల్ల తెర మొత్తం తెరుచుకోకపోవచ్చు. జవాబులో ప్రతి విలువ రకాన్నీ పంపే ముందే ఖాయం చేయడం ఎండ్‌పాయింట్ రాసేవారి బాధ్యత.

నేమ్‌స్పేస్‌లో వెర్షన్ సంఖ్య పెట్టమనడానికి కారణం యాప్‌ల స్వభావంలోనే ఉంది. వెబ్ పేజీని మార్చితే ఆ క్షణం నుంచి అందరికీ కొత్తదే కనిపిస్తుంది. ఫోనులో ఉన్న యాప్‌ను మార్చడం ఆ ఫోను యజమాని చేతిలో ఉంటుంది. పాత యాప్‌తోనే ఏళ్ల తరబడి కథలు చదువుకునేవారు ఉంటారు. జవాబులో కొత్త అంశం చేర్చితే పాత యాప్‌లకు హాని లేదు. ఉన్న అంశం పేరు మార్చినా, తొలగించినా, దాని రకం మార్చినా అవి ఆగిపోతాయి. అలాంటి మార్పు తప్పనిసరి అయినప్పుడు రెండవ వెర్షన్ పేరుతో కొత్త రూట్ నమోదు చేసి, కథలను తెచ్చే ఫంక్షన్‌ను రెండింటికీ ఉమ్మడిగా ఉంచి, జవాబు రూపాన్ని మాత్రం వేరుచేయడం మంచి పద్ధతి. పాత రూట్‌ను ఎప్పుడు తీసేయాలన్నది ఊహించి నిర్ణయించకుండా, సర్వర్ నమోదుల్లో ఆ రూట్‌కు ఇంకా ఎన్ని అభ్యర్థనలు వస్తున్నాయో చూసి, అవి నెలల తరబడి ఆగిపోయాకే తొలగించాలి.